మూడో వెర్షన్ మీద ఆవిడ పేరు

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ ససేమిరా మేడం అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అనే గుండెలు మా ఫ్లోర్‌లో ఎవరికీ లేవు. నేను మాత్రం అక్కా అంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆవిడ పక్క కుర్చీలో పడేశారు. మొదటి వారమే నా కోడ్ చూసి, "ఇది నువ్వు రాశావా, కీబోర్డు మీద పిల్లి నడిచిందా?" అంది. రెండు రోజులు అలిగాను. మూడో రోజు టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అలక చాలు గానీ ఇలా జరుగు, కలిసి చూద్దాం" అంది. అంతే, అప్పట్నుంచి అక్కే. ఆవిడకి యాభై ఎనిమిది, నాకు ముప్పై ఆరు.

ఇది ఆవిడ కథ. మధ్యలో నేనూ వస్తాను, కానీ గొప్పగా చెప్పుకునేలా రాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తిట్టుకోకండి. తిట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మా పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే నేను చేసిన వెధవ పని మీకు అర్థం కాదు. కంప్యూటర్‌కి అడుగున కెర్నల్ ఉంటుంది. అది కూలిందంటే దాని మీద నడిచేవన్నీ కూలతాయి. బయటివాళ్ళు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకొచ్చి, వీటిని కెర్నల్ లోపలే నడపండి అని అడుగుతారు. రానిచ్చే ముందు ఆ ప్రోగ్రామును నడపకుండానే, మొదట్నుంచి చివరిదాకా చదివి, ఏ దారిన పోతే ఏమవుతుందో లెక్క తేల్చేది ఒకటుంది. దాన్ని వెరిఫయర్ అంటాం. పదహారు గడుల పెట్టెలోంచి ఫలానా గడి తీస్తానని ప్రోగ్రాము అంటే, గడుల లెక్క సున్నాతో మొదలు కాబట్టి, ఆ అంకె ఏ దారిలోనూ సున్నా కన్నా తగ్గదని, పదిహేను దాటదని వెరిఫయర్‌కి రుజువు కావాలి. "తగ్గకపోవచ్చు" అంటే కుదరదు. రవ్వంత అనుమానం ఉన్నా పొమ్మంటుంది.

అక్క పన్నెండేళ్ళుగా దాని మీదే పని చేస్తోంది. చేసీ చేసీ తనూ దానిలాగే తయారైందని మావాళ్ళ గొడవ. ఎవరు ఏ మార్పు పట్టుకొచ్చినా కాగితాల మీద ప్రింటు తీసి, చెక్క స్కేలు ఒకటి పెట్టుకుని వరస కింద వరస చదువుతుంది. అంత పెద్ద ఆఫీసులో చెక్క స్కేలు ఉన్నది ఆవిడ బల్ల మీదే. తప్పు దొరికితే మాట్లాడదు, ఆ వరస దగ్గర స్కేలు ఆపి మన మొహంలోకి చూస్తుంది. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు నయం.

టెస్టులు రాయడంలో ఆవిడది అదో పిచ్చి. వెరిఫయర్‌ని ఎలా మోసం చెయ్యొచ్చో ఆలోచించి, దొంగ ప్రోగ్రాములు రాస్తుంది. ఒక్కోదాని కింద ఒకే మాట ఉంటుంది. "తిరస్కరించాలి" అనో, "అనుమతించాలి" అనో. మేం ఏ మార్పు చేసినా ఆ మూడొందల చిల్లర టెస్టులూ మళ్ళీ నడిపి, వెరిఫయర్ చెప్పేదీ ఆవిడ రాసిందీ ఒకటేనా అని చూసుకోవాలి.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఏ మార్పునైనా బయటికి, అంటే లోకంలో ఈ పని చేసే వాళ్ళందరికీ పంపేముందు, దాని కింద రాసినవాడి పేరుతో పాటు చూసినవారి పేరు కూడా రాస్తాం. "చూసినవారు ఫలానా" అన్న ఆ ఒక్క వరసకి చాలా విలువ. అక్క పేరు ఉంటే బయటివాళ్ళు మారుమాట్లాడకుండా తీసుకుంటారు. మా టీమ్‌లో పక్కపక్కనే కూర్చుంటాం కాబట్టి దీనికి మెయిళ్ళూ గియిళ్ళూ ఏం లేవు. ఆవిడ స్కేలు చివరి వరస దాకా వచ్చాక, "సరే, పెట్టుకో నా పేరు" అంటుంది. పెట్టుకుంటాం. ఆ తర్వాత ఏమైనా మారిస్తే మాత్రం పేరు తీసేసి మళ్ళీ చూపించాలి. ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన నియమం. నాకూ తెలుసు.

ఆమధ్య ఒకసారి మా మేనేజర్ ఎవరికో మాటిచ్చేశాడు. పెద్ద ప్రోగ్రాములు చదవడానికి వెరిఫయర్ చాలాసేపు తీసుకుంటోంది, దాన్ని సగానికి తగ్గిస్తాం అని. ఆ పని నా నెత్తిన పడింది. ప్రోగ్రాములో ఒకే చోటికి రెండు దారుల్లో రావచ్చు. మొదటి దారిలో చూసిన అంకెలే రెండో దారిలోనూ ఉంటే, రెండోసారి చదవక్కర్లేదు. ఆ పోలిక చూడటాన్ని నేను తేలిక చేశాను. మొదటి వెర్షన్ అక్కకి చూపిస్తే మూడుచోట్ల స్కేలు ఆగింది. రెండో వెర్షన్ చూపించాను. గంటన్నర చదివి, "బాగా రాశావురా అబ్బాయ్. పెట్టుకో నా పేరు" అంది. ఆవిడ నోట బాగుంది అన్న మాట రావడం నాకు జీతం పెరిగినంత ఆనందం.

కొలిచి చూస్తే ఏముంది, వేగం సగానికి రాలేదు. అది శుక్రవారం. కొత్త మార్పులు తీసుకునే గడువు ఆ సాయంత్రంతో సరి. తప్పితే మళ్ళీ రెండున్నర నెలలు. అక్క ఆ రోజు సెలవు. నేను ఆ పోలికని ఇంకొంచెం కోశాను. అంకె ఎంత పెద్దది కావచ్చో పోల్చి, ఎంత చిన్నది కావచ్చో పోల్చడం మానేశాను. వేగం వచ్చింది. ఒక్క టెస్టు ఫెయిలయింది.

అక్క ఆరేళ్ళ కిందట రాసిన టెస్టు అది. కింద "తిరస్కరించాలి" అని ఉంది. నా వెరిఫయర్ అనుమతించింది. చేతిలో గడియారం, నెత్తిన మేనేజర్. టెస్టు పాతబడింది, మన వెరిఫయర్ తెలివి మీరింది, ఈ ప్రోగ్రాము నిజానికి మంచిదే అని నాకు నేను పావుగంటలో నచ్చజెప్పుకున్నాను. మనసుకి కావాలంటే వంద కారణాలు దొరుకుతాయండీ. ఆ "తిరస్కరించాలి" తీసి "అనుమతించాలి" అని పెట్టాను. అన్నీ పాసయ్యాయి. అడుగున అక్క పేరు అలాగే ఉంది. తియ్యాలని తెలుసు. తీస్తే సోమవారం దాకా ఆగాలి. తియ్యలేదు. మూడో వెర్షన్ ఆవిడ పేరుతో లోకం మీదకి పోయింది. మొదటి రెండూ మా బల్లల దగ్గరే ఉండిపోయాయి.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. మేనేజర్ నాకు చప్పట్లు కొట్టించాడు. నేను సిగ్గులేకుండా నవ్వాను.

ఓ సోమవారం పొద్దున బయటినుంచి మెయిల్ వచ్చింది. వేరే సంస్థలో పనిచేసే ఒకాయన రాశాడు. వాళ్ళ మెషీన్లు ఒకదాని తర్వాత ఒకటి కూలిపోతున్నాయట. వాళ్ళ ప్రోగ్రాము ఒకటి పెట్టెలో మొదటి గడికి ముందున్న చోటికి, అంటే తనది కాని చోటికి, చెయ్యి పెడుతోందట. పాత వెరిఫయర్ దాన్ని రానిచ్చేది కాదు, కొత్తది రానిస్తోంది. నిన్నటిదాకా పట్టుకున్న తప్పుని ఇవాళ వదిలేయడం, మా దగ్గర దీన్నే రిగ్రెషన్ అంటారు. ఆయన ఓపిగ్గా ఈ మధ్య వచ్చిన వేల మార్పుల్ని సగం సగం చేసుకుంటూ వెతికి, తప్పు ఏ మార్పుతో మొదలైందో పట్టుకున్నాడు. రాసినవారు, నేను. చూసినవారు, అక్క.

చదివిన నిమిషంలోనే నాకు ఆ టెస్టు గుర్తొచ్చింది. 

అక్క ఆ మెయిల్ చదివి, మా మార్పు ప్రింటు తీసుకుని, స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నేను పక్కనే ఉన్నాను. స్కేలు ఆ టెస్టు దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. ఈసారి నా మొహంలోకి చూడలేదు.

"ఇది నా టెస్టే కదా," అంది.

"ఆఁ అక్కా."

"నా టెస్టు మార్చేస్తుంటే నేను చూసి సరేనన్నానా?" కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "ఆ రోజు మనం కూర్చోవడం గుర్తుంది. నువ్వు చూపించడం గుర్తుంది. ఇది మాత్రం గుర్తు లేదబ్బాయ్. చూసే ఉంటాన్లే. నా పేరుంది కదా."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క వాక్యం. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రెండో వెర్షన్ ఏదీ, చూపించు అని ఆవిడ అడిగుంటే నా బండారం బయటపడేది. అడగలేదు. నన్ను అనుమానించాలన్న ఊహే ఆవిడకి రాలేదు. తనని తాను అనుమానించుకుంది.

మధ్యాహ్నానికి ఫ్లోరంతా గుసగుసలు. "ససేమిరా మేడం కూడా ఔనందంటే ఇంకేముంది" అని ఒకడు, "వయసు మీద పడుతోంది పాపం" అని ఇంకోడు. వాళ్ళని కొట్టాలనిపించింది. కొట్టాల్సింది ఎవర్నో తెలిసి నా డబ్బా నేను తెరుచుకుని తిన్నాను. మేనేజర్ ఆవిడని గదిలోకి పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నన్ను రెండు నిమిషాలే. "రాసేవాడికి తప్పులు వస్తాయి, పట్టుకోవాల్సింది చూసేవాళ్ళు కదా" అని భుజం తట్టాడు కూడా. ఛీ, నా బతుకు.

మార్పుని మొత్తం వెనక్కి తీసేయొచ్చు, కానీ వేగానికి అలవాటుపడ్డ వాళ్ళు ఊరుకోరని, సరిగ్గా బాగుచెయ్యమన్నాడు మేనేజర్. ఆ పని పదకొండు రోజులు పట్టింది. చిన్న అంకెలు కూడా పోల్చాలి, అయినా వేగం పోకూడదు. పని కష్టమే, కానీ అది కాదు నన్ను తిన్నది. పక్క కుర్చీలో అక్క మారిపోతూ వచ్చింది. ఒకసారి చదివింది మూడుసార్లు చదివేది. ఎవరైనా మార్పు తెస్తే, చదివి, తన పేరు పెట్టుకోమనకుండా, "ఇంకెవరికైనా కూడా చూపించు" అనేది. నాకు, ఇంకెవరికో కాదు నాకు, కాగితాలు జరిపి, "నువ్వోసారి చూడబ్బాయ్, నా చూపు మీద నాకు నమ్మకం లేదు" అనేది. రెండో బుధవారం మేనేజర్‌తో చెప్పేసిందట, ఈ నెలాఖరు నుంచి ఇంక చూసినవారి వరసలో నా పేరు వద్దు, టెస్టులు రాసుకుంటూ కూర్చుంటాను అని. ఆయన సరేనన్నాడట.

ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. అప్పటికి తొమ్మిది రోజులుగా కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నానని తనకి తెలుసు. మొత్తం విని, "తప్పు చేసింది నువ్వు, తల దించుకునేది ఆవిడా?" అంది. "చెప్తాను, సమయం చూసి చెప్తాను" అన్నాను. "ఆఁ, ఆవిడ కుర్చీ ఖాళీ చేశాక సన్మానం చేసి చెప్దువుగాని" అని కంచం తీసుకెళ్ళిపోయింది. ఆ మాటతోనైనా మర్నాడు చెప్పానా? లేదు. గురువారం కూడా గడిచిపోయింది.

శుక్రవారం పొద్దుటికి పని పూర్తయింది. చిన్న అంకె, పెద్ద అంకె రెండూ పోలుస్తోంది, వేగం కూడా పెద్దగా తగ్గలేదు. ఆ టెస్టు కింద మళ్ళీ "తిరస్కరించాలి" అని పెట్టాను. మార్పుతో పాటు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని నాలుగు మాటలు రాయాలి. రాసి, ప్రింటు తీసి అక్క ముందు పెట్టాను. చిన్న మీటింగు గదిలో కూర్చున్నాం. ఆవిడ స్కేలు పెట్టి చదివింది.

"కోడ్ బాగుంది, నాకు కనిపించినంతలో. రాసిందే బాలేదు," అంది. "టెస్టులో పొరపాటు దొర్లింది అన్నావు. పొరపాటు దానంతటది దొర్లుతుందా? ఎవరు మార్చారో రాయి. నువ్వు మార్చావు. నేను చూసి ఊరుకున్నాను. ఇద్దరి పేర్లూ రాయి, నాకేం మొహమాటం లేదు. తప్పు చేసినప్పుడు పేరు దాచుకోకూడదు." పెన్సిల్ తీసి మార్జిన్‌లో తనే రాయడం మొదలుపెట్టింది, చూసినవారు గమనించలేదు అని.

ఆ పెన్సిల్ ఆపడానికి నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పదేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు.

"అక్కా, మీరు చూడలేదు."

"ఏంటి?"

"మీకు చూపించింది రెండో వెర్షన్. టెస్టు మార్చింది మూడోదాంట్లో. ఆ రోజు మీరు సెలవు. మీ పేరు నేను తియ్యలేదు."

ఆవిడ నా చెయ్యి మెల్లిగా తీసేసి, పెన్సిల్ బల్ల మీద పెట్టింది. ఆవిడ మొహం ముందు తేలికపడింది. నేను చూశాను, నిజంగా ఒక్క క్షణం తేలికపడింది. తర్వాత గట్టిపడింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మెయిల్ వచ్చిన రోజు నుంచే."

"పదకొండు రోజులు," అంది. స్కేలు పక్కకి జరిపి, "మా అమ్మకి ఇలాగే మొదలైంది. ముందు చూసినవి గుర్తుండేవి కాదు, తర్వాత మమ్మల్నే గుర్తుపట్టేది కాదు. నాకూ వచ్చేసిందనుకున్నాను. మా ఆయనకి రోజూ పొద్దున ఇన్సులిన్ నేనే వేస్తాను. ఈ పదకొండు రోజులూ వెయ్యలేదు. పక్క వాటాలో నర్సుంటే బతిమాలుకుని వేయిస్తున్నాను. అంకె చూసి, చూడలేదనుకుంటే? రెండోసారి వేసేస్తే? ఆయనేమైనా అయితే?"

 క్షమించమని అడిగాను అనుకుంటాను. నాకే వినపడలేదు.

"నీ మీద కోపం లేదని చెప్పనబ్బాయ్. ఉంది. పేరు పెట్టుకున్నావు, తొందరలో చేశావు, అది తిట్టి ఊరుకునేదాన్ని. పక్కన కూర్చుని పదకొండు రోజులు చూశావే, అది..." అంది. లేచి కాగితాలు సర్దుకుంది. "ఉన్నది ఉన్నట్టు రాసి పంపించు. ఎల్లుండి పొద్దున మా ఇంటికి రా. మా ఆయనకి నేను చెప్తే నమ్మడు, నా ధైర్యం కోసం చెప్తున్నాననుకుంటాడు. నువ్వే చెప్పు."

ఉన్నది ఉన్నట్టు రాశాను. మూడో వెర్షన్‌లో టెస్టు మార్చింది నేను, ఆ మార్పు ఆవిడకి చూపించలేదు, ఆవిడ పేరు అక్కడ ఉండకూడదు అని. లోకం మొత్తం చదివింది. బయటినుంచి ఒకాయన, "ఇది కోడ్ తప్పు కాదు, మనిషి తప్పు" అని ఒక్క ముక్క రాశాడు. మేనేజర్ ఆర్నెల్ల పాటు నా మార్పులు నేరుగా పంపకూడదన్నాడు. అవన్నీ న్యాయమే, అవేం నన్ను బాధపెట్టలేదు. పాత మార్పు మీద అక్క పేరు చెరపడానికి మాత్రం వీల్లేదు. అక్కడ ఒకసారి ఎక్కిందంటే ఎక్కినట్టే.

ఆదివారం ఎనిమిదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. రెండో అంతస్తు, రెండు గదుల ఇల్లు. బావగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. "రావయ్యా రా, నిన్ను చూడాలనే కూర్చున్నాను, టిఫిన్ కూడా తినకుండా" అన్నాడు. కుర్చీ అంచున కూర్చుని చెప్పాను. అంతా చెప్పాను, తేదీలతో సహా. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన మొదట నవ్వాడు. "ఈవిడకి మతిమరుపు అనగానే, పాతికేళ్ళ నాటి నా తప్పులన్నీ మర్చిపోతుందని ఎంత ఆశపడ్డానో తెలుసా? నీళ్ళు చల్లేశావు కదయ్యా." తర్వాత నవ్వు ఆపేశాడు. "నవ్వానని తేలిగ్గా తీసుకోకు. స్టవ్ ఆపానా అని రాత్రి నాలుగుసార్లు లేచేది. నా పక్కన పడుకుని, రేపు నిన్ను గుర్తుపట్టకపోతే ఏం చేస్తావ్ అని అడిగింది. దానికి నువ్వు చెప్తావా సమాధానం?"

నేను నేలకేసి చూశాను. పలక పక్కన పలక, ఎక్కడా పగుల్లేదు, చూపు నిలపడానికి ఏమీ లేదు.

తలుపు చప్పుడైంది. నర్సు. బావగారు కూర్చున్నచోటి నుంచే, "ఇవాళ్టి నుంచి వద్దమ్మా, మా ఇంటావిడ డ్యూటీలో చేరింది" అన్నాడు. ఆవిడ అక్క వైపు చూసి, నవ్వి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా పైకెత్తి, పొట్ట చూపిస్తూ, "కానియ్యి మరి. ఆకలేస్తోంది" అన్నాడు.

అక్క ఫ్రిజ్‌లోంచి సీసా తీసింది. చేతులు కడుక్కుంది. సిరంజిలోకి మందు లాగి, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో పెట్టి చూసింది. అలాగే నిలబడింది. వెనక్కి వచ్చి ఆయన మొహం ముందు పెట్టింది.

"పన్నెండేనా?"

"పన్నెండే."

మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. బావగారు నా వైపు తిరక్కుండానే, చిన్న గొంతుతో అన్నాడు. "పంతొమ్మిదేళ్ళుగా వేస్తోంది. ఎప్పుడూ నన్నడగలేదు."

ఆవిడ మళ్ళీ వచ్చింది. సిరంజి మళ్ళీ పైకెత్తింది. నేను కూర్చున్న చోటికి గీత స్పష్టంగా కనిపిస్తోంది. పన్నెండే. పన్నెండే అక్కా, నేనూ చూశాను అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నేను చూశాను అంటే ఆ గదిలో ఇంకెవరు నమ్ముతారు? నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ మూడోసారి కిటికీ దగ్గరికి వెళ్ళింది.